వేడి బియ్యం మూటలు

కెనడాలోని రెజైనాలో ఆ మధ్యాహ్నం కరెంటు పోయేసరికి సువార్తరాజు చేతిలో ఉన్నవి ఇవీ: బేరం లేని కిరాణా కొట్టు, దాని నిండా సోనామసూరి బస్తాలు, అగ్గిపుల్లతో వెలిగే గ్యాస్ పొయ్యి, కొట్టు కింద బేస్‌మెంట్‌లో నొప్పులు పడుతున్న కావ్యశ్రీ, ఆమె పక్కన తన భార్య స్వర్ణకుమారి. బయట మంచు తుఫాను. అంబులెన్స్ బయల్దేరిందట, కానీ మంచు తోసే బండి వెనకాలే రావాలి. కావ్యశ్రీ ఆ బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటున్న స్టూడెంట్. ఆమె భర్త ఊరవతల వేర్‌హౌస్‌లో చిక్కుకుపోయాడు.

స్వర్ణకుమారి ఒకప్పుడు లైబీరియాలో పురుళ్ళు పోసింది. యుద్ధం ఆగిన కొత్తలో, సగం పైకప్పు లేని మిషను ఆసుపత్రిలో. కెనడాలో ఆ అనుభవం చెల్లదన్నారు, బ్రిడ్జింగ్ కోర్సు చేసి ఇక్కడి లైసెన్సు తెచ్చుకోవాలన్నారు. అప్పట్నుంచీ ఆ చేతులు పప్పులు ప్యాక్ చేస్తున్నాయి. మేలిరకం సరుకు మూలన పడి ఉంటే వ్యాపారికి ఎలా ఉంటుందో, ఆమెను చూస్తే సువార్తరాజుకు అలా ఉండేది.

"భయమేస్తోంది ఆంటీ. హీటర్ కూడా ఆగిపోయింది."

"భయపడు, పర్లేదు. ఊపిరి మాత్రం నేను చెప్పినట్టు తియ్యి." స్వర్ణకుమారి భర్త వైపు తిరిగింది. "ఏవండీ, చలి తగిలితే బిడ్డ దక్కదు. బియ్యం వేడిచేసి ఇడ్లీ గుడ్డల్లో మూటలు కట్టి తెండి. అక్కడ మేమదే చేసేవాళ్ళం."

"కొత్తవా, పాతవా?"

"నేనేమైనా బిర్యానీ వండుతున్నానా? ఏవో ఒకటి తెండి!"

కావ్యశ్రీ అంత నొప్పిలోనూ నవ్వింది.

అలవాటుకొద్దీ సువార్తరాజు చెయ్యి చిరిగిన బస్తా మీదికి పోయింది. మళ్ళీ ఏమనుకున్నాడో, మేలైన బస్తానే కోశాడు. మూటలతో, కత్తెరతో కిందికి పరిగెత్తాడు.

"కత్తెరెందుకు? బొడ్డు అంబులెన్స్ వాళ్ళొచ్చి కోస్తారు, లోపల పెట్టండి."

బిడ్డ బయటికొచ్చింది. ఏడవలేదు.

స్వర్ణకుమారి కొత్త తువ్వాలుతో బిడ్డ ఒళ్ళంతా తుడిచింది. వీపు రుద్దింది. మళ్ళీ రుద్దింది. సువార్తరాజు ఇంకో పొడి తువ్వాలు అందించాడు.

అప్పుడు వినిపించింది ఏడుపు, ఇల్లు ఎగిరిపోయేలా.

బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. ప్రతి మూటా తన మణికట్టుకు ఆనించి చూసుకుని, దుప్పటి పైన చుట్టూ పేర్చింది. చల్లారినవాటిని సువార్తరాజు మళ్ళీ మళ్ళీ వేడిచేసి తెచ్చాడు.

అంబులెన్స్ వచ్చింది. బిడ్డ పాదాలు ముట్టుకుని చూసి, పురుడు పోసిందెవరని అడిగారు.

"నేను... కొట్లో పని..." అంటోంది స్వర్ణకుమారి.

"మా ఆవిడ. మిడ్‌వైఫ్!" అన్నాడు సువార్తరాజు.

ఆమె భర్తను ఒకసారి చూసి, జరిగిందంతా తొణక్కుండా వాళ్ళకు చెప్పింది. బండి వెళ్ళిపోయాక అంది: "ఆ బ్రిడ్జింగ్ కోర్సుకి అప్లై చేస్తానండీ."

"చెయ్యి. పప్పులు నేను ప్యాక్ చేస్తాలే."

పోయింది ఒక బస్తా బియ్యం. మిగిలినవి క్షేమంగా ఓ తల్లి, గొంతున్న ఓ ఆడపిల్ల, కొట్లోంచి తన పనికి తిరిగి వెళ్తున్న ఒక మంత్రసాని.