తడిసినంత మేరకే చెబుతాను

నేను ఒక పుల్లను. ఉత్త టేకు పుల్లను. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు, ఒంటి నిండా అడ్డగీతలు. దారిలో పడి ఉంటే మీరు నన్ను పొయ్యిలోకి ఏరుకుంటారు. విమానం నడిపేవాళ్లు నన్ను చూసుకున్నాకే సీట్లో కూర్చునేవారని చెబితే నవ్వుతారు. నవ్వండి. నేను చెప్పేది మాత్రం చెప్పి తీరుతాను.

అనంతపురం దాటాక ఎర్రనేలల మధ్య ఒక చిన్న రన్‌వే, ఒక రేకుల షెడ్డు, రెండు చిన్న విమానాలు. విమానం నడపడం నేర్పే బడి అది. ఆఫీసు తలుపు చేయగా మిగిలిన చెక్క నుంచి నన్ను చెక్కింది అక్కడి మెకానిక్ ఓబులేసు. చెక్కి ఊరుకోలేదు. విమానం రెక్కలో ఉండే ట్యాంకును పూర్తిగా వంపేశాడు. తర్వాత కొలత క్యానుతో కొంచెం కొంచెంగా పెట్రోలు పోస్తూ, పోసినప్పుడల్లా నన్ను నిటారుగా ముంచి తీశాడు. తడి ఎక్కడిదాకా వస్తే అక్కడ రంపపు బ్లేడుతో గీత కోశాడు. ఊరికే పెట్టుకున్న గీతలు కావు నావి, ఒక్కొక్కటీ మునిగి సంపాదించుకున్నది.

కోయడం అయ్యాక, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరినీ పిలిచి చూపించాడు.

"ఇది ఈ విమానం పుల్ల. పక్కదాంట్లో పెట్టినారంటే అబద్దం చెప్తాది. దాని పుల్ల దానిదే, దీని పుల్ల దీనిదే."

అదేం విడ్డూరం అనుకోకండి. చెంబులో జానెడు నీళ్లూ, బిందెలో జానెడు నీళ్లూ ఒకటవుతాయా? ట్యాంకులూ అంతే. లోతు ఒకటే అయినా వెడల్పు వేరు. ఇంత చిన్న విషయం పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ల బుర్రల్లోంచి ఎలా జారిపోతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

విమానం లోపల పెట్రోలు చూపించే ముల్లు ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. విమానం ఒక పక్కకు ఒరిగితే ఒక మాట, నిటారుగా ఉంటే ఇంకో మాట. కుదుపు వస్తే భయపడ్డట్టు వణుకుతుంది. మనుషులకు అదంటేనే ఇష్టం, ఎందుకంటే కూర్చున్న చోటునుంచి లేవకుండా చూడొచ్చు. నన్ను అడగాలంటే నిచ్చెన ఎక్కాలి, మూత తిప్పాలి, చేతికి వాసన అంటించుకోవాలి. కారు దారిలో ఆగిపోతే దిగి తోసుకుంటారు. ఆకాశంలో దిగి తోసేదెవరు?

ఈ సంగతి తెలిసిన మనిషి కెప్టెన్ పరిమళ. ఆ బడిలో మొదటి గురువు ఆవిడే. గొంతు గట్టిది, చేయి అంతకంటే గట్టిది. రన్‌వే మీదికి మేకలొస్తే నన్నే పట్టుకుని పరిగెత్తేది. ఆ పని నాకు నచ్చలేదు గానీ ఆవిడ మీద కోపం రాలేదు. నేర్చుకునే పిల్లలకు ఆవిడ చెప్పే తీరు అలాంటిది.

"ఎవరో చూసినారంట అని ఎక్కద్దండమ్మా. మీ నిచ్చెన మీరే ఎక్కండి. విమానం సమానమైన నేల మీద ఉందా లేదా చూడండి, వాలుగా ఉంటే ఒక ట్యాంకు ఎక్కువ చెప్తాది, ఇంకోటి తక్కువ. పుల్ల పైకి తీసినంక దిక్కులు చూస్తా నిలబడద్దు, ఈ పెట్రోలు చిటికెలో ఆరిపోతాది. పొయ్యేదానికి సరిపోతే చాలదు, వచ్చేదానికీ కావల్ల. గాలి ఎదురొస్తే దానిక్కూడా కొంచెం మిగలల్ల."

మొదటిసారి ఒంటరిగా ఎగరబోయే రోజు పిల్లలు నన్ను కళ్లకద్దుకునేవారు. ఒకడైతే కుంకుమ బొట్టు పెట్టాడు. పరిమళ దాన్ని కొంగుతో తుడిచేసి, "దండం పెట్టద్దు నాయనా, ముంచి చూడు" అంది. నా గురించి ఇంత గౌరవంగా ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆవిడ వేరే ఊరి బడికి వెళ్లిపోయాక కెప్టెన్ చక్రధర్ వచ్చాడు. మంచివాడే, కాకపోతే మెరిసేదల్లా నమ్ముతాడు. షెడ్డుకు రంగులు వేయించాడు, ఆఫీసుకు అద్దాల తలుపులు పెట్టించాడు. పిల్లలను చేర్పించడానికి వచ్చే పెద్దల ముందు కట్టెపుల్లతో పెట్రోలు కొలవడం నామోషీ అనిపించింది ఆయనకు. ఫ్యాక్టరీలో చేసిన ప్లాస్టిక్ పైపు తెప్పించాడు, దాని మీద అంకెలు ముచ్చటగా అచ్చువేసి ఉన్నాయి. ఏ విమానం కోసం అచ్చువేశారో మాత్రం చూడలేదు. ఇంతకంటే వెడల్పు ట్యాంకులున్న విమానానికి చేసిన పైపు అది. దాన్నే రెండు విమానాలకూ వాడమన్నాడు. పక్క విమానం పుల్ల ఎటుపోయిందో తెలియదు. నన్ను ఆఫీసు కిటికీ రెక్క పడిపోకుండా అడ్డుపెట్టారు. వానకు తడిశాను, ఎండకు మాడాను, వంకర మాత్రం తిరగలేదు.

పిల్లలు దగ్గరలో చక్కర్లు కొట్టి దిగడమే కాబట్టి పైపు అబద్ధం ఎవరికీ తగల్లేదు. ఒక రోజు మాత్రం కుళ్లాయమ్మ అనే పిల్ల ఒంటరిగా దూరం వెళ్లాల్సి వచ్చింది. నల్లమల అడవి దాటి అవతలి ఊళ్లో దిగి, తిరిగి రావాలి. అది పూర్తయితేనే లైసెన్సు. పరిమళ చివరి శిష్యురాలు ఆ పిల్ల. అడవి మీద పెట్రోలు అయిపోతే దిగడానికి చెట్ల కొమ్మలు తప్ప ఏమీ ఉండవు.

బడి చూడడానికి వచ్చిన పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. ఫొటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. కుళ్లాయమ్మ నా విమానం పక్కన నిచ్చెనెక్కి పైపు ముంచింది. చూసింది. కిందికి దిగి తిన్నగా ఆఫీసు వైపు వచ్చి నన్ను లాగేసింది. కిటికీ రెక్క ధన్‌మని పడింది, అందరూ ఇటు తిరిగారు. ఎన్నాళ్లకో మళ్లీ ఆ చల్లటి పెట్రోలులో దిగాను. దుమ్ము తుడిచిన ఒళ్లు తడిసిన మేరకు నల్లబడింది.

"సార్, పైపు ముక్కాలు ట్యాంకు చూపిస్తాంది. పుల్ల సగం గూడా చూపిస్తాలేదు. రెండో ట్యాంకూ ఇంతే."

"కిటికీకి పెట్టిన కట్టెను నమ్ముతావా నువ్వు?" అన్నాడు చక్రధర్. "ముల్లు గూడా బాగానే చూపిస్తాంది కదా. వచ్చినోళ్లు చూస్తాండారు, బయల్దేరు."

"నమ్మేది నమ్మనిది ఎందుకు సార్. నిండా పోసి చూద్దాం. ట్యాంకు ఎంత తాగుతాదో దాన్నిబట్టి తెలిసిపోతాది."

"పీపాలు తెరిచి, పంపు బిగించి పోసేటప్పటికి పొద్దెక్కుతాది. నువ్వు పోకుంటే వెనకాల ఇంకొకడు ఉండాడు. నీ వంతు మళ్లా ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను."

ఆ వంతు కోసం కుళ్లాయమ్మ ఎంత ఎదురుచూసిందో షెడ్డులో అందరికీ తెలుసు. అయినా నిచ్చెన మెట్టు మీదే కూర్చుంది, నన్ను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని.

"నా వంతు పోతే పోనీ సార్. వెనకాలోన్ని గూడా నేను పోనియ్యను."

కుర్చీల్లోంచి ఒక పెద్దాయన లేచి, "పాప చెప్పేది చూస్తే పోయేదేముంది సారూ" అన్నాడు. చక్రధర్ విసుగ్గా చేయి ఊపాడు. ఓబులేసు పీపా దొర్లించుకొచ్చి పంపు తిప్పడం మొదలుపెట్టాడు. పైపు మాట నిజమైతే పావు ట్యాంకు పోయగానే పొర్లాలి. పావు పోశాడు, పొర్లలేదు. ఇంకా తిప్పాడు. సగం దాటింది. పంపు మీద లీటర్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

"ఇంగా దిగుతానే ఉంది సార్" అన్నాడు ఓబులేసు.

చక్రధర్ పంపు దగ్గరికొచ్చి లీటర్లు తానే చూశాడు. పోయిన వారం ఆయనే ఆ పైపు చూసుకుని అడవి అంచుదాకా వెళ్లొచ్చాడు. ట్యాంకు నా గీత చెప్పిన లెక్కకే నిండింది. నాకు గర్వంగా ఉంది, దాచుకోను. దాచుకోవడానికి నేనేం మనిషినా?

కుళ్లాయమ్మ మధ్యాహ్నం ఎగిరింది, పొద్దు వాలకముందే దిగింది. దిగాక ట్యాంకుల్లో నన్ను ముంచి చూశారు. పొద్దున ఉన్న పెట్రోలుతోనే వెళ్లి ఉంటే తిరిగొచ్చేటప్పుడు నల్లమల మీదే ఇంజను ఆగేది. ఆ లెక్క చూసుకుని ఆ పిల్ల రెక్క నీడలో కూలబడి ఏడ్చింది. చక్రధర్ పక్కన నిలబడ్డాడు. పైపును రెండు ముక్కలుగా విరిచాడు. పరిమళకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మనుషులు తప్పు దిద్దుకున్నాక ఊరుకోరు, పూజ మొదలుపెడతారు. ఆఫీసులో గోడకు అద్దాల పెట్టె బిగించాడు చక్రధర్. అడుగున మెత్తటి ఎర్రగుడ్డ, పైన చిన్న బల్బు. "బడిని కాపాడిన పుల్ల" అని రాయించాడు. నాకు దండ కూడా వేశాడు. కిటికీలో నేను బాధపడలేదు, ఆ పెట్టెలో బాధపడ్డాను. ఎండిపోయిన పుల్ల ఎవరికి ఏం చెబుతుంది?

మర్నాడు పొద్దున కుళ్లాయమ్మ వచ్చి పెట్టె తెరిచి, దండ తీసి పక్కన పెట్టి, నన్ను చంకలో పెట్టుకుంది.

"అమ్మా, అది చూసేదానికి పెట్టింది" అన్నాడు చక్రధర్.

"దీన్ని ఇక్కడ పెడితే విమానానికి ఏం పెట్టల్ల సార్?"

ఆ గోడ మీద పెట్టె ఇప్పటికీ ఉంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది. బడి చూడడానికి వచ్చినవాళ్లు లోపలికి తొంగి చూసి, ఎర్రగుడ్డ తప్ప ఏమీ కనిపించక, పుల్ల ఏదని అడుగుతారు.

"పనికి పోయింది" అంటాడు చక్రధర్.