కస్నాది ఒప్పుకోలు

నీళ్ళలో పోయినవాడు నవ్వాడంటే దానికి అర్థం ఏమిటి? అతన్ని అడిగి నేల మీదికి వేసిన నెలవంకలాంటి చెక్కలు రెండూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే నవ్వినట్టు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఒప్పుకున్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. ఈ రేవులో పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతే. కానీ నిన్న వలలో పైకొచ్చిన మనిషికి నవ్వడానికేముంది? ఈ రేవు భాషలో అడిగితే అతనికి అర్థం కాలేదా? లేక అర్థమయ్యే నవ్వాడా? ఛాయ్‌హోంగ్ నేల మీద మోకాళ్ళూని అదే ఆలోచిస్తోంది.

పొద్దుటి నుంచి చేపల పొట్టలు చీల్చి ఆమె వేళ్ళు కొంకర్లుపోయి ఉన్నాయి. రబ్బరు బూట్లు విప్పే తీరికైనా ఇవ్వకుండా పిలిపించారు. రేవు చివర రాతికట్ట మీదున్న ఈ చిన్న గుడికి ముప్పై ఏళ్ళుగా ఆమే కాపు. సముద్రంలో శవం కనబడితే వదిలి రాకూడదు. ఒడ్డుకు తెచ్చి, "అన్నా" అని పిలిచి, ఇక్కడ ఉంటావా అని చెక్కలేసి అడిగి, దహనం చేసి, అస్థికలు కుండలో పెట్టి అగరుబత్తి వెలిగించాలి. అలా వచ్చిన అన్నలు గోడవార వరసగా ఉన్నారు. వాళ్ళు పడవలకు చేపల్ని తోలుకొస్తారని రేవుకు నమ్మకం.

"ఏంటొదినా, చేతులు పట్టేసినయ్యా?" అన్నాడు కో తిన్‌లాయ్. పడవ అతనిది. గుడి సంఘానికి పెద్ద కూడా అతనే. "ఇంకోసారెయ్యి. నవ్వాడంటే మనసులో ఉన్నట్టే. పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్వదూ?"

గుమ్మం బయట నిలబడిన వార్సితో అనే కూలీ నవ్వలేదు. పోయిన కస్నాదీ అతనూ జావాలో ఒకే ఊరివాళ్ళు, ఈ కో పడవలోనే కూలీలు.

"అయ్యా, ఆడి పెళ్ళాం ఫోన్లో ఏడుస్తా ఉంది. నిప్పులో పెట్టొద్దంటంది. మాలో కాల్చరయ్యా. సిటీలో మావోళ్ళని పాతిపెట్టే మట్టుంది. కర్చు మేమే ఏసుకుంటాం."

"ఖర్చు సంగతి నేనడిగానా? అందరూ సిటీకి పోతే పడవెవడు తోల్తాడు, మీ తాతా? గుడ్లున్న చేప వచ్చేది ఏడాదికి పది రోజులు. అన్న ఒప్పుకున్నాడంటే ఇంక నువ్వూ నేనూ ఎవరం?" కో పక్కకు తిరిగాడు. "చెప్పండి పాస్టర్ గారూ, మీరూ మన స్నేహ సంఘంలో ఉన్నారుగా."

కుర్ర పాస్టర్ ఉంగ్ గొంతు సవరించుకున్నాడు. తుపానుకు ఎగిరిపోయిన చర్చి పైకప్పు కో వేయించిందే. "ఆచారాలు... ఒకరివొకరు గౌరవించుకోవాలి," అన్నాడు. ఎవరివి ఎవరు అన్నది మాత్రం చెప్పలేదు.

సర్వమత స్నేహ సంఘం. వసంతంలో దాని పండక్కి ఫోటో తీసినప్పుడు కో, పాస్టర్, వాళ్ళ మధ్యన టోపీ పెట్టుకుని కస్నాది. ముస్లిముల తరఫున ఎవరో ఒకరు కావాలని పడవ మీంచి దింపి నిలబెట్టారు. ఫోటో అయిపోగానే మళ్ళీ వలల్లోకి తోలారు. ఆ రోజు విందులో పంది కూర ముట్టలేదని ఛాయ్‌హోంగ్ అతన్ని ఏడిపించింది. అతను వేరుశనగలు నములుతూ, "మీ దేవుడిక్కూడా ఇయ్యే ఇష్టమేమో, ఓసారి అడిగి సూడవ్వా," అన్నాడు.

ఆమె రెండోసారి వేసింది. రెండూ బోర్లా పడ్డాయి.

"నువ్వడగడంలో ఉంది తప్పు," అన్నాడు కో. "ఉంటావా అని కాదు. కొత్త కుండ, ఎర్రబట్ట, నెలకో కోడి పెడితే ఉంటావా అని అడుగు."

ఆమె చెక్కలు ఏరుకుంది. ఇలా అడగడం కో ఆమె దగ్గరే నేర్చాడు. అన్న కాదంటే ఆమె ప్రశ్న మార్చేది. కోడి కాకపోతే సారా, సారా కాకపోతే గోడలకు కొత్త రంగు. అవుననే దాకా మారుస్తూనే ఉండేది. ముప్పై ఏళ్ళలో ఒక్క అన్న కూడా వెళ్ళిపోతానన్లేదని రేవంతా చెప్పుకుంటుంది. అనలేదా? అన్నాక కూడా తను అడుగుతూ పోయిందా? గోడవారనున్న కుండల వైపు చూడాలంటే మొదటిసారి భయం వేసింది.

ఆమె భర్త శవం దొరకలేదు. కో తండ్రి పడవలో వేటకెళ్ళి పోయాడు. ఆకలితో ఉన్నాడేమోనని ఏటా అన్నం కట్టమీద పెట్టి ఏడ్చేది. ఇప్పుడు వేరే దిగులు పట్టుకుంది. ఏ ఒడ్డునో ఎవరో అతన్ని తీసి ఉంటారు. తెలియని భాషలో ఏదో అడిగి ఉంటారు. అతను కాదనీ కాదనీ అలిసిపోయి ఉంటే?

"వార్సితో," అంది. "మీ ఊళ్ళో ఎట్టా చేస్తారు?"

"కడుగుతామవ్వా. తెల్లగుడ్డ సుడతాం. మట్టిలో, మొకం పడమరకి."

"ఆడెప్పుడన్నా ఇక్కడుంటానన్నాడా?"

"ఇంటికి పోతానన్నాడు. రోజూ అదే మాట. ఇనీ ఇనీ ఇసుగొచ్చేది."

బయట దహనవాటిక బండి డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఒదినా, పొద్దుపోతంది. ఏస్తావా లేదా?"

"ఆడు చెప్పాడుగా."

"ఎవడు?"

"కస్నాది. రెండుసార్లు."

కో మాటలోంచి ఒదినా అన్న వరస పోయింది. "చేపలు చీరేదానివి. ఈ గుడి నీ బాబుది కాదు. రేపటి నుంచి నా షెడ్డులో కత్తి ముట్టుకోవు, చూసుకో. ఇటివ్వు ఆ చెక్కలు, నేనేస్తా." చెయ్యి చాపాడు.

రేపటి అన్నం ఆ షెడ్డులోనే ఉంది. ఆ మాట ఆమెకు తెలియక కాదు. మోకాళ్ళు నొప్పెడుతుంటే గోడ పట్టుకుని లేచింది. చొక్కా పై గుండీ విప్పి, చెక్కలు రెండూ లోపల గుండెకు ఆనేలా దోపుకుని, గుండీ పెట్టేసుకుంది.