గోడ బయట వీధి

"గోడదాకనే ఊరు. అవతల ఉత్త చేను," అంటూ రమాకాంత్ పటం మీద గీత గీశాడు. కొంగరకలాన్ దగ్గరి పాటిగడ్డలో తవ్వకాలకు ఆయనే పెద్ద అధికారి. వందల ఏళ్ల కింద జనం వదిలేసిన ఊరు, దాని చుట్టూ కోటగోడ ఆ మట్టిదిబ్బ కింద ఉన్నాయి. పటం రేపు పై ఆఫీసుకు వెళ్తుంది. గీత బయటి నేల మీద ప్లాట్ల వెంచర్ రోడ్డు పడుతుంది.

ఆయన కింద పనిచేసే స్వప్న ఒప్పుకోలేదు. "కోటలోళ్లకు కుండలు చేసినోళ్లు, బట్టలు నేసినోళ్లు యాడున్నరు సార్? బయట నీలమ్మ చేను నిండ పెంకులే."

"ఈ ఊరోళ్లు పాటిమన్ను బండ్లకెత్తి చేన్లకు ఎరువు తోలిండ్రు. మన్నుతోని పెంకులూ పోయినయ్. ఎరువుకు పటం గీస్తవా?"

నిజమేనేమో. స్వప్న నేరుగా చేనుకు పోయి నీలమ్మనే అడిగింది.

"అవ్ బిడ్డా, మా మామ ఏటేటా తోలిండు. మక్క మస్తు పండేది."

స్వప్న మక్కల మధ్య వంగి ఒక పెంకు ఏరింది. బండిలో మన్ను వస్తుంది, పెంకులు వస్తాయి. పొయ్యి రాదు.

"అక్కా, దున్నిన మన్ను కిందికి ఒక్క గుంత తవ్వనియ్యి. ఇండ్లు దొరికితే మాత్రం చేను అమ్మరాదు."

"అమ్మేటోళ్లకు గదా ఆ ఫికర్! వెంచరోళ్లు దినాం వచ్చి పానం తింటున్నరు." కంకి పట్టిన మక్కలను నీలమ్మే ముందు పీకింది.

మోకాటి లోతులో గట్టి నేల తగిలింది. ఆ నేలలోనే కట్టిన మట్టిపొయ్యి, మంటకు ఎర్రగా కాలి, లోపల బూడిదతో సహా ఉంది. పక్కన మెడదాకా పాతిన కాగు.

సాయంత్రం రమాకాంత్ వచ్చి వంగి చూశాడు.

"ఇది గూడ మా మామనే తోలిండంటవా సారూ?" అంది నీలమ్మ. "గంత బలమున్న ఎడ్లు మాకు లేకుండె."

ఆయన నవ్వలేదు. "ఒక్క పొయ్యి దొరికితే వీధి అయితదా? మూసెయ్, స్వప్నా. పటం మీద సంతకం పెట్టు."

"పెట్టను."

"నీ మీద పై ఆఫీసుకు రాయాల్సొస్తది."

"రాసుకోండ్రి. ఈ ఇంటికి గోడుంటది, గోడకవతల ఇంకో ఇల్లుంటది. యాడిదాక పోతే ఆడిదాక గీస్త."

తాపీ తీసుకుని ఆమె మళ్లీ గుంతలోకి దిగింది. నేల అంచున గోడ అడుగురాళ్లు ఒకటొకటిగా బయటపడ్డాయి. వాటిని ఆనుకుని సన్నని మురికికాలువ, కాలువ అవతల మరో గోడ మొదటి రాయి. ఆ రాళ్ల వరుస గుంత గట్టు కిందికి పోయింది. గట్టు మీద రమాకాంత్ నిలబడి ఉన్నాడు.

"సార్, జర పక్కకు జరగండ్రి," అంది స్వప్న తల ఎత్తకుండానే. "మీరు పక్కింటి గోడ మీద నిలబడ్డరు."