కొనని టికెట్టు

అబ్దుల్ హమీద్ జీవితంలో ఒక్క లాటరీ టికెట్టు కొనలేదు. పూర్ణా మార్కెట్ దగ్గర మైకు పెట్టి "రేపే డ్రా, రేపే డ్రా" అని చెవులు చిల్లులు పడేలా అరిచే టికెట్ల బండి ఎదురైతే, రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేవాడు. జూదం హరాం, మహాపాపమని చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట ఒంట్లో ఇంకిపోయింది. అలాంటి మనిషిని లాటరీ పేరు చెప్పి ముంచారంటే నమ్మడం కష్టమే. కానీ ముంచారు. టికెట్టు కొనకపోవడం వల్లే మునిగాడు పాపం.

అది ఎనభై మూడో సంవత్సరం. పాతూళ్ళో అతనికి చిన్న కొట్టు ఉండేది. పోర్టు లారీలకి టార్పాలిన్లు కుట్టడం, చిరిగినవాటికి మాసికలు వేయడం అతని పని. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు కాబట్టి కూర్మన్నపాలెం వైపు తిరిగే లారీలు పెరిగి చేతినిండా పని ఉండేది. అయినా ఎంత కుట్టినా ఇల్లు గడవడానికే సరిపోయేది.

తల్లి జన్నత్ బీకి అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయిన ఏడాది నుంచీ చేత్తో సేమియాలు చేసి అమ్ముతూ, హజ్ యాత్రకని దాచుకుంటోంది. పదమూడేళ్ళకి మోకాళ్ళు అరిగిపోయాయి గానీ ఓడ ఖర్చుకి సరిపడా పోగైంది. అక్కడే వచ్చింది చిక్కు. ఆడమనిషి ఒంటరిగా హజ్‌కి వెళ్ళకూడదు, భర్తో కొడుకో అన్నదమ్ములో వెంట ఉండాలి. ఆవిడకి మిగిలినవాడు హమీద్ ఒక్కడే. మరి అతని ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడేళ్ళుగా తల్లి డబ్బు రేకు పెట్టెలో కొడుకు డబ్బు కోసం కాచుకుని కూర్చుంది. హాజీలు బయల్దేరే రోజులొచ్చినప్పుడల్లా ఆవిడ "వచ్చే ఏడు సూద్దాంలే" అనేది. ఆ మాట వినలేక హమీద్ టీ కూడా తాగకుండా కొట్టుకి పోయేవాడు.

అలాంటప్పుడు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. పదో తరగతి చదువుతున్న కూతురు చాంద్ సుల్తానా కూడబలుక్కుని చదివింది. ఎక్కడో బొంబాయిలో పెద్ద లాటరీ కంపెనీ అట. అబ్దుల్ హమీద్‌గారికి యాభైవేల రూపాయల ప్రైజు వచ్చిందట. పన్ను కింద ఆరువేలు కట్టి, ఫలానా తారీఖున స్టేషను దగ్గర లాడ్జిలో దిగే తమ ఏజెంటు దగ్గర చెక్కు తీసుకోవాలట. అప్పటిదాకా ఎవరితోనూ చెప్పకూడదట. పేరు, చిరునామా ఒక్క అక్షరం తేడా లేదు. అవి కొట్టు బోర్డు మీద గజమంత అక్షరాల్లో రాసే ఉన్నాయన్న సంగతి అతనికి తట్టలేదు.

"నువ్వు టికెట్టు కొన్నావేటి అబ్బాజాన్?" అంది పిల్ల.

"ఛ, నానెందుకు కొంటాను?"

"మరి కొనకుండా ఎలా వచ్చింది?"

ఆ పిల్ల అడిగిన ప్రశ్న బంగారంలాంటిది. హమీద్ దాన్ని తిరగేసి పట్టుకున్నాడు. కొనలేదు, కాబట్టి జూదం ఆడలేదు. జూదం ఆడలేదు, కాబట్టి ఈ డబ్బుకి పాపం అంటదు. అమ్మ కోసం అల్లా తలుపు తెరిచాడు, అంతే. టికెట్టు కొన్నవాడికైతే నంబరు చూసుకోవాలని తోచేది. ఇతనికి చూసుకోవడానికి నంబరే లేకపోయింది.

ఆ సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని సంగతి చెప్పాడు. పెట్టెలో డబ్బు కొద్దిరోజులకి అప్పుగా కావాలన్నాడు.

"పాపపు డబ్బు కాదు కదరా?" అందావిడ.

"నాను టికెట్టే కొనలేదమ్మీ."

జన్నత్ బీ కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి కొడుకు చేతిలో పెట్టింది. "అయితే ఈ ఏడే ఎల్తామన్నమాట," అని నవ్వింది. తల్లి అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో హమీద్‌కి గుర్తు రాలేదు.

లాడ్జిలో ఏజెంటు సఫారీ సూటులో ఉన్నాడు. "ఆయియే హమీద్ సాబ్" అని కుర్చీ వేశాడు, కూల్ డ్రింకు తెప్పించాడు. నోట్లు లెక్కపెట్టుకుని, ముద్ర కొట్టిన రసీదు ఇచ్చి, చెక్కు చేతిలో పెట్టాడు. దాని మీద తారీఖు పదిరోజుల తర్వాతది. ఈలోగా ఎవరికైనా చూపిస్తే ఇన్‌కమ్ టాక్సువాళ్ళు అడ్డు పడతారని హెచ్చరించాడు. అంత మర్యాదగా దోచుకునేవాళ్ళని ఏం తిట్టాలో నాకైతే తెలియదు.

ఆ పదిరోజుల్లో జన్నత్ బీ ఇంకో పని చేసింది. హజ్‌కి వెళ్ళేవాళ్ళు ముందుగా అందరి దగ్గరా క్షమాపణ అడగాలి. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారో రారో తెలియదు కదా! ప్రైజు మాట పెదవి దాటనివ్వకుండా, ఆవిడ కర్ర పట్టుకుని గడప గడపా తిరిగింది. "అన్నదీ విన్నదీ మనసులో పెట్టుకోకండి, మాఫ్ చెయ్యండి" అంది. పదిహేనేళ్ళుగా తనతో మాటల్లేని గులాబ్ బీ ఇంటికి కూడా వెళ్ళి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చింది. వీధి వీధంతా ఆవిడకి మాఫీ ఇచ్చేసింది.

తారీఖు రాగానే హమీద్ బ్యాంకుకి వెళ్ళాడు. గుమాస్తా అర్జునరావు చెక్కుని వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"భాయ్, టికెట్టు కొన్నారా?"

"లేదండి."

"డబ్బులు కట్టీసేరా?"

హమీద్ తలూపాడు. అర్జునరావు గొంతు తగ్గించాడు. "పన్నుంటే ఇచ్చీవోడే పట్టుకుని మిగిలింది ఇత్తాడు గానీ, ముందు మిమ్మల్ని అడుగుతాడేటి భాయ్? ఇలాటి చెక్కు రెండు నెల్ల కితం గాజువాక నుంచి ఒకాయన తెచ్చేడు. పరువు పోద్ది, ఎవరికీ సెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు. నానూ సెప్పలేదు."

హమీద్ నమ్మలేదు. నమ్మితే తల్లికి ఏం చెప్పాలి? చెక్కుని బొంబాయికి పంపించి చూడమని బతిమాలాడు. పంపించారు. మూడు వారాలకి, ఆ పేరున ఖాతాయే లేదన్న చీటీతో చెక్కు తిరిగొచ్చింది. హమీద్ పోలీసుల దగ్గరికి వెళితే, లాడ్జి రిజిస్టరులో ఏజెంటు రాసిన చిరునామా ఉత్తదని తేల్చారు. కాయితం రాసుకుని పంపేశారు.

ఇంటికొచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడి చెప్పాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ మోకాళ్ళు రాసుకుంటూ వింది.

"వీధంతా తిరిగి మాఫీ అడిగేను. ఎల్తన్నానని సెప్పేను. ఇప్పుడెందుకు ఎల్లలేదంటే ఏటి సెప్పను? నా నోటితో నాను సెప్పలేనురా. నువ్వే సెప్పు. అబద్ధం మాత్రం ఆడకు."

ఆ శుక్రవారం నమాజు అయ్యాక, ఇమాంగారిని అడిగి హమీద్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా తనని "జూదం మొహం చూడని మనిషి" అని మెచ్చుకున్నవాళ్ళే కూర్చుని ఉన్నారు. ఉత్తరం దగ్గర్నుంచి చెక్కు దాకా అంతా చెప్పాడు. "మనం కొనని టికెట్టుకి ప్రైజు రాదు. ఇచ్చీవోడు ముందుగా మనల్ని అడగడు. ఎవరికీ సెప్పొద్దన్నాడంటే ఎవరికైనా సెప్పాల్సిందే. నాను సెప్పలేదు. మా అమ్మీ హజ్ డబ్బు పోయింది," అన్నాడు. వెనకవరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అతనికి చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

మర్నాడు గాజులమ్మే సిరాజ్ ఇంటికొచ్చాడు. నిండా ముప్ఫయ్యేళ్ళు లేవు. జేబులోంచి మడత పెట్టిన కాయితం తీసి హమీద్ ముందు పెట్టాడు. అదే ఉత్తరం, అదే కంపెనీ. సోమవారం లాడ్జికి రమ్మని ఉంది.

"నిన్న మీరు సెప్పకపోతే కట్టీసుందును చాచా," అన్నాడు.

జన్నత్ బీ లోపల్నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "దేంతో కడదామనుకున్నావు నాయనా?"

"మా ఇంటిదాని మెడలో గొలుసు దాదీ. తీసి నా దగ్గరే పెట్టుకున్నాను."

"ఎల్లి తిరిగి మెళ్ళో ఏసీయ్. ఈ కాయితం పట్టుకుని పోలీసుటేసనుకి ఎల్లు. హమీదూ, నువ్వూ తోడెల్లు."

సిరాజ్ ఆవిడ పాదాలు తాకబోతే వారించి, తలమీద చెయ్యి వేసింది. అతను ఆనందంతో గొలుసు ఇచ్చిరావడానికి పరుగెత్తాడు. హమీద్‌కి నెల రోజుల తర్వాత కాస్త ఊపిరి ఆడినట్టయింది. ఒక ఇల్లు నిలబడింది కదా అని తల్లితో చెప్పబోయి ఆగిపోయాడు.

చెక్కు తిరిగొచ్చిన రోజునుంచీ ఒక్క కన్నీటిచుక్క రాల్చని మనిషి, గుమ్మం పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. దగ్గరికెళ్ళి పట్టుకున్నాడు. ఆవిడ అతని చొక్కా గుప్పిట బిగించింది.

"మనకంటే ముందు మోసపోయినోడు ఎవడో ఉండీ ఉంటాడు కదరా? ఆడు ఒక్క మాట మనకెందుకు సెప్పలేదురా?"