సాజిదాకు దొరికిన వెలుగు

నరసరావుపేటలోని ఆ మహిళా కళాశాలకు టెలిస్కోపు తెచ్చింది ఝాన్సీలక్ష్మి. ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన కొత్తలోనే ఆమెకు ఆ కోరిక పుట్టింది. పాత విద్యార్థినుల ఇళ్ళ చుట్టూ తిరిగి, మేనేజ్‌మెంట్‌ను ఒప్పించి, డాబా మీద కప్పు పక్కకు జరిగే రేకుల గది కట్టించేసరికి ఆమెకు నలభై ఏళ్ళు దాటాయి. ఆ తర్వాత బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసే వాసంతి అనే శాస్త్రవేత్తతో పరిచయమై, ఆమె బృందంలో చేరింది.

ఆ బృందం చూసేవి మామూలు నక్షత్రాలు కావు. ఎంతో దూరాన కొన్ని గెలాక్సీల నడుమ బ్రహ్మాండమైన బ్లాక్‌హోల్ ఉంటుంది. దాని దగ్గర్నుంచి పదార్థం సన్నటి ధారగా, ఇంచుమించు కాంతి వేగంతో బయటికి చిమ్ముతుంది. దాన్ని జెట్ అంటారు. ఆ జెట్ సూటిగా మన వైపు తిరిగి ఉంటే ఆ గెలాక్సీ వెలుగు ఒక్కోసారి గంటల్లోనే పెరిగి, గంటల్లోనే తగ్గిపోతుంది. ఒక్క టెలిస్కోపుతో దాని సంగతి తేలదు. రేడియో తరంగాలను నేల మీది పెద్ద డిష్‌లు, ఎక్స్ కిరణాలను, గామా కిరణాలను ఉపగ్రహాలు, కంటికి కనిపించే వెలుగును ఝాన్సీ దగ్గరున్నటువంటి టెలిస్కోపులు ఒకే సమయంలో కొలవాలి. అన్నీ కలిసి పెరిగాయా, ఒకదాని వెనక ఒకటి పెరిగాయా అన్నదాన్ని బట్టి ఆ వెలుగు జెట్‌లో ఎక్కడ పుట్టిందో అంచనా కడతారు.

కర్కాటక రాశిలో ఉన్న అలాంటి గెలాక్సీ ఒకదాన్ని ఝాన్సీ నాలుగేళ్ళుగా కొలుస్తూ వచ్చింది. దాని వెలుగు చెప్పుకోదగ్గంత పెరగనే లేదు. అయినా ఆమెకు విసుగు రాలేదు. పెరిగిన రోజున తాను అక్కడ ఉంటాననే నమ్మకం.

ఇంతలో సాజిదా వచ్చింది. ఊళ్ళోనే బరంపేట అమ్మాయి, గెస్ట్ లెక్చరర్. చేరిన కొద్ది నెలల్లోనే కెమెరా తనంతట తాను ఫొటోలు తీసుకునేలా ప్రోగ్రాం రాసింది. ఝాన్సీ మొదట మురిసిపోయింది. తర్వాత చిన్న చిన్న విషయాలు గుచ్చుకోవడం మొదలైంది. పిల్లలు సందేహాలు తీసుకుని సాజిదా దగ్గరికే పోతున్నారు. వాసంతి ఫోన్ చేస్తే కుశలప్రశ్నలు కాగానే సాజిదా ఉన్నారా అని అడుగుతోంది. ఒకసారి ప్రిన్సిపాల్ ఎవరికో కాలేజీ చూపిస్తూ, టెలిస్కోపు సాజిదా మేడమ్ చూసుకుంటారని చెప్పాడు. ఝాన్సీ ఆ పక్కనే నిలబడి ఉంది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

శివరాత్రి వచ్చింది. భర్త గోపీచంద్ వాళ్ళ ఊళ్ళో వెదుళ్ళతో ఎత్తుగా కట్టి అలంకరించే ప్రభ ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకు పోతుంది. ఆ ఏడు ప్రభ పనులన్నీ అతని మీదే పడ్డాయి. ఇంటి కోడలు రాకపోతే బాగుండదన్నాడు. గెలాక్సీ ఎలాగూ వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంది కదా అని, ఝాన్సీ గది తాళం సాజిదా చేతికిచ్చి వెళ్ళింది. కొండ కింద జనంలో ఫోన్ కలవలేదు. తిరుగుదారిలో బండ్లు కదలలేదు. ఇల్లు చేరి, పడుకుని, పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే సాజిదా మెసేజీలు వరసగా ఉన్నాయి. పొద్దుగూకాక మొదటి ఫొటోల నుంచే గెలాక్సీ వెలుగు పెరగడం మొదలైందట. గంటన్నరలో ఇంచుమించు ఒకటిన్నర రెట్లయిందట. చివరి మెసేజీలో, మీరు ఉండాల్సింది మేడమ్ అని రాసింది.

ఆ మాట నిజంగా రాసిందా, ఎత్తిపొడుపా అని ఝాన్సీ చానాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. నిజంగానే రాసిందని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

కాలేజీకి వెళ్ళి ఫొటోలన్నీ తెరిచింది. తప్పు దొరుకుతుందేమోనని వెతికింది. గాలిలో దుమ్ము ఉంటే ఆ ఫొటోలోని నక్షత్రాలన్నీ ఒకేలా మసకబారతాయి. ఇక్కడ చుట్టుపక్కల నక్షత్రాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, గెలాక్సీ ఒక్కటే పెరిగింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

మధ్యాహ్నం వాసంతి ఫోన్ చేసింది. ఆ సాయంత్రం ఉపగ్రహం కూడా అదే గెలాక్సీని చూసిందట, దాని వివరాలు రెండు రోజుల్లో వస్తాయట. ఏ కేంద్రం కొలతలైనా అక్కడి ఇన్‌చార్జి సరేనంటేనే తీసుకోవడం బృందం పద్ధతి. మీరు చూశారా, వాడుకోవచ్చా అని అడిగింది.

"చూశాను మేడమ్. నిన్న పిడుగురాళ్ల వైపు నుంచి సున్నం దుమ్ము బాగా కొట్టింది. అమ్మాయి కొత్తది కదా. వదిలేయండి" అంది ఝాన్సీ.

మాట అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ సాయంత్రం తానే డాబా ఎక్కి కొలిచింది. గెలాక్సీ మళ్ళీ ఎప్పటిలాగే మసకగా ఉంది.

కొలతలు తీసుకోవడం లేదన్న కబురు సాజిదాకు వాసంతి దగ్గర్నుంచే అందింది. ఆమె లెక్కలన్నీ మొదటి నుంచి మళ్ళీ చేసింది. ఖాళీ పీరియడ్లలో కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. మర్నాడు స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు వచ్చి నిలబడింది.

"మేడమ్, దుమ్ము ఏ ఫొటోలో ఉందో చూపిస్తారా? నాకు కనపడటల్లేదు."

ఝాన్సీ పేపర్లు దిద్దుతూనే, అన్నిట్లో కాస్త కాస్త ఉందంది.

"పక్క నక్షత్రాలు తగ్గలేదు గదా?"

ఝాన్సీ ఇంకో పేపరు ముందుకు లాక్కుంది.

"మీరు అసలు ఫొటోలు తెరిచి చూశారా మేడమ్?"

"చూశాను."

సాజిదా ఇంకో ప్రశ్న వేస్తుందని ఝాన్సీ ఎదురుచూసింది. వేయలేదు. ఆమె ముఖంలో ముందు అయోమయం, తర్వాత అర్థమైన గుర్తు కనిపించాయి. బ్యాగు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.

ఉపగ్రహం వివరాలు వచ్చాక వాసంతి అందరినీ వీడియో కాల్‌లో పిలిచింది. తెర మీద గ్రాఫులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఎక్స్ కిరణాలు శివరాత్రి సాయంత్రం, సరిగ్గా సాజిదా చెప్పిన వేళకే పెరిగాయి. దాని కింద, కంటికి కనిపించే వెలుగు గ్రాఫులో ఆ వేళ దగ్గర చుక్కే లేదు. అప్పుడు యూరప్‌లో ఇంకా పగలు, జపాన్‌లో వాన, హిమాలయాల్లో మంచు. రెండు వెలుగులూ కలిసి పెరిగాయో లేదో ఇక ఎప్పటికీ తెలియదని వాసంతి బాధపడింది. సాజిదా తన కెమెరా ఆపేసి వింటోంది.

ఝాన్సీ ఆ ఖాళీ వంక చూసింది. తాను అన్యాయం చేసింది సాజిదాకు మాత్రమేననుకుంది ఈ రెండు రోజులూ. మైకు ఆన్ చేసింది.

"నరసరావుపేట కొలతలు ఉన్నాయి. బాగానే ఉన్నాయి. దుమ్మేమీ లేదు, నేనే అబద్ధం చెప్పాను."

ఎందుకని వాసంతి మెల్లగా అడిగింది. నాలుగేళ్ళు కాసుకున్నది తాను లేనప్పుడు ఆ పిల్లకు దొరికితే ఓర్వలేకపోయానని ఝాన్సీ చెప్పింది. ఇంటికి పోయాక గోపీచంద్‌కు కూడా చెప్పింది. అతను విని, "ఏందే, అంత మందిలో అట్టా ఒప్పుకున్నావా" అని మాత్రం అన్నాడు.

సాజిదా కొలతలు గ్రాఫులో చేరాయి. రెండు వెలుగులూ కలిసే పెరిగాయని తేలింది. అంటే జెట్‌లో అవి పుట్టింది ఒకే చోట అయ్యుండాలి. పరిశోధన వ్యాసానికి రాసినవాళ్ళ పేర్లు కలుపుతున్నప్పుడు తన పేరు తీసేయమని ఝాన్సీ వాసంతికి రాసింది. వద్దులెండి, నాలుగేళ్ళు కష్టపడ్డారు కదా అని జవాబు వస్తుందని లోలోపల ఆశపడింది. సరేనని వచ్చింది. నరసరావుపేట ఇన్‌చార్జిగా ఇక సాజిదా ఉంటుందని కూడా అందులో ఉంది.

సాజిదా నెల రోజులకు పైగా ఆమెతో పని ఉన్నంతవరకే మాట్లాడింది. వ్యాసం అచ్చయిన రోజున పిల్లలు స్వీట్లు పంచారు. ఝాన్సీ ఒకటి తీసుకుంది. పేర్ల వరస రెండుసార్లు చదివింది. సాజిదా పేరు నాలుగోది. కళ్ళు మండాయి. తప్పు ఒప్పుకుంటే ఈ మంట చల్లారుతుందనుకుంది గానీ, అది అట్లాగే ఉంది.

వేసవి సెలవులకు ముందు ఒక సాయంత్రం వాసంతి దగ్గర్నుంచి కబురొచ్చింది. కన్యా రాశిలో ఇంకో గెలాక్సీ వెలుగు పెరుగుతోందట. సాజిదా స్టాఫ్ రూం గుమ్మం దగ్గర ఆగి, తాను కెమెరా చూసుకుంటే ఫొటోలు సరిచూసేందుకు ఇంకో మనిషి కావాలంది. రమ్మని అడగలేదు.

"మళ్ళీ అట్టా చెయ్యనని మాటిస్తేనే" అంది తర్వాత, నేల చూస్తూ.

"చెయ్యను. కుళ్ళు మాత్రం పోలేదు సాజిదా. పోయిందని చెప్తే అదీ అబద్ధమే."

సాజిదా ఆమెను కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత మెట్లవైపు నడిచింది. ఝాన్సీ కళ్ళద్దాలు తీసుకుని వెనకే వెళ్ళింది. ఆ సాయంత్రం సాజిదా తీసిన ఒక్కో ఫొటో తెరిచి, పక్క నక్షత్రాలతో పోల్చి చూసి, బాగున్నదానికి బాగుందని రాస్తూ పోయింది.