పదునాలుగడుగుల యంతరము

మాఘమాసప్రభాతమున మంచుతెర మెల్లమెల్లఁగాఁ దొలఁగుచుండ బాలభానుకిరణములు సోఁకిన చెన్నపురిప్రాంతమందలి పందెపుబాట విసరివైచిన నల్లపట్టు వల్లెవాటువలె మలుపులుమలుపులై నిగనిగలాడుచుండెను. యంత్రగర్జనములు దిగంతముల మాఱుమ్రోఁగుచుండఁ గాలిన రబ్బరువాసనతో బరువెక్కిన గాలిని బీల్చుచు బెజవాడ యాటోనగరమునుండి వచ్చిన సుభానీమేస్త్రి ఖిన్నవదనుఁడై నిలిచియుండెను.

లారీల వెనుకయిరుసులను విప్పి బిగించుటయందు నలువదియేండ్లు గడపిన యా వృద్ధశిల్పియు యంత్రశాస్త్రపట్టభద్రయగు హైమవతియుఁ గలసి యేడుమాసములు శ్రమించి నిర్మించిన పందెపుకారు నాఁటి మధ్యాహ్నమున రెండునిమిషములలోపల బాటనొకమాఱు చుట్టి రానియెడల మఱునాఁటి పందెమునకు నర్హత గోల్పోవును. ఉదయపు పరీక్షలో హైమవతి దానిని నడపఁగా మూఁడు సెకనులు మించెను.

దోషకారణము వెనుకయిరుసు నడుమ నుండెను. ఇంజనుబలమును రెండుచక్రములకుఁ బంచు పండ్లచక్రములకూటమిని డిఫరెన్షియలందురు. మొదట నమర్చిన సామాన్యమైన డిఫరెన్షియలు మలుపునందు బరువుదొలఁగి తేలికయైన లోపలిచక్రమును వృథాగాఁ దిరుగనిచ్చి బలమునెల్ల నచ్చటనే పోఁగొట్టుచుండెను. అది చూచి మేస్త్రి కాలువగట్ల బురదలో దిగఁబడు ట్రాక్టరులకుఁ జేయు వాడుకచొప్పున నా పండ్లచక్రముల నన్నిటిని వెల్డింగుతో నతికి రెండుచక్రములు నొక్కటిగాఁ దిరుగునట్లు చేసెను. బురదలోఁ బ్రాణదానము చేసిన యా విద్యయే తారుబాటపై శాపమయ్యెను. ఏలయన నొక్కటిగా నతుకఁబడిన చక్రములు మలుపునకు లొంగక కారును వెలుపలికిఁ ద్రోయుచుండెను.

హైమవతి శిరస్త్రాణము తీసి విసవిస నడచివచ్చెను.

“మేస్త్రీ, మనం పందేనికొచ్చామా, ఊబిలో లారీ లాగటానికొచ్చామా?”

“నా అతుకు ఊడిందన్న మగాడు ఆటోనగర్లో ఇంకా పుట్టలేదు పాపా!”

“ఊడలేదు మేస్త్రీ, అదే నా ఏడుపు! ఆ పెట్టెలో ఉన్న ఇనపబిళ్ళల డిఫరెన్షియల్ వేద్దామంటే మీరు వినరు.”

“బిళ్ళలు ఒకదానికొకటి రాసుకోవాలంటివి. రాసుకునేది అరిగిపోద్ది. అరిగిపోయే సరుకు నా చేత్తో ఎట్టా బిగించమంటావ్?”

“నా మాట నమ్మొద్దు. కొలిచి చూడండి.”

కొలతయన్నచో మేస్త్రికిఁ బరమప్రమాణము. బాట విరామమునందు వారు నిర్వాహకుల యనుమతి గొని వెనుకచక్రములకు మాటిమాటికిఁ దడిసున్నము పూయుచుఁ గారును మెల్లగాఁ ద్రోసి బాట వెనుకకు మరలు నిఱుకుమలుపున రెండు తెల్లనిరేఖలు దీర్చిరి. త్రోయుచున్న మేస్త్రి యఱచేతికి రబ్బరుయొక్క మూలుగు తగిలెను. త్రాటితోఁ గొలువఁగా వెలుపలిరేఖ లోపలిదానికంటెఁ బదునాలుగడుగులు దీర్ఘమయ్యెను. విశాలమైన వేఱొక యర్ధవృత్తపుమలుపున నది రెట్టింపగునని తలఁచి యచ్చటను గొలిచెను. అచ్చటను బదునాలుగడుగులే! మరలఁ గొలిచెను. మాఱలేదు.

“ఇదేం మాయ పాపా?”

“మాయ గాదు మేస్త్రీ. మలుపు చిన్నదైనా పెద్దదైనా, బండి పూర్తిగా వెనక్కి తిరిగిందంటే తేడా అంతే. రెండు చక్రాల మధ్య ఎడమెంతో దాన్నిబట్టే.”

మేస్త్రి చేతిత్రాటివంకఁ జూచెను. నలువదియేండ్లు తన చేతులలోఁ దిరిగిన చక్రములనడుమ నింతటి యలంఘ్యనియమము దాఁగియుండఁగాఁ దానెఱుఁగనేలేదు! ప్రతిమలుపునను దన యతుకు చక్రములకా పదునాలుగడుగులు నిరాకరించుచుండ నవి నేలపై నీడ్చుకొని యా కొఱఁతఁ దీర్చుకొనుచుండెనని తెలిసి యతని మేను జలదరించెను.

వెంటనే యతఁడు తానతికిన కూటమిని దానే యూడదీసి బిళ్ళలకూటమిని జేకొనెను. ఆ బిళ్ళలు బలము తగ్గినపుడు సడలి చక్రముల వేర్వేఱునడకలకు సమ్మతించును. యాక్సిలరేటరు ద్రొక్కినపు డొండొంటి నదిమికొని జాఱుచక్రమునుండి పట్టుగల చక్రమునకు బలమును మరలించును. నూనెలోఁ గలిపిన సిందూరమును జక్రముల పండ్లకుఁ బూసి, యవి యొండొంటితో సరిగాఁ గలియుచున్నవో లేదో చూచుటకై త్రిప్పి యెఱ్ఱనిగుఱుతు ప్రతిపంటికిని సరిగా నడుమఁ బడువఱకు నతఁడు తృప్తినొందలేదు.

మధ్యాహ్నమున హైమవతి బయలుదేఱెను. ఇఱుకుమలుపు ప్రక్కఁ గంచెను బట్టుకొని మేస్త్రి బాటవంకఁ దొంగిచూచెను. కారు వచ్చి వంగెను. వెలుపలిచక్రము దీర్ఘపథమున వడిగాఁ బరుగిడ లోపలిచక్రము హ్రస్వపథమున నెమ్మదిగా నడచెను. మలుపుచివర నామె బలముఁ బెంచిన తక్షణమే రెండును నొక్కయూపున నేలను బట్టి కారును వింటినుండి వెడలిన బాణమువలె ముందునకు విసరెను. ఆ క్షణమున మేస్త్రికి గర్జనము వినఁబడలేదు. ఇనుము ధర్మమెఱిఁగి నడచుట మాత్రమే కనఁబడెను.

నిర్వాహకులు కాలము ప్రకటించిరి. ఒక నిమిషము నేఁబదితొమ్మిది సెకనులు. అర్హత లభించెను.

తోడివారు కేకలు వేయుచుండ మేస్త్రి గుడ్డ పఱచి మిగిలిన బిళ్ళలను వరుసగాఁ బేర్చి హైమవతిని దనయెదుటఁ గూర్చుండఁబెట్టుకొనెను.

“రేపటికి వీటి బిగువు పెంచాలా, తగ్గించాలా? అదెవరు చెబుతారు పాపా?”

“ఆ మలుపే చెప్తది మేస్త్రీ.”

బిగించుట బలవంతునకు సులభము. ఎంత బిగింపవలయునో యెఱుఁగుటకుఁ జక్రము నడుగవలయును. సుభానీమేస్త్రి యొక బిళ్ళను సూర్యునికెదురుగాఁ బట్టి దానిపైఁగల సన్నని గీఁతలను నూతనముగా లిపి నేర్చుకొనువానివలె మెల్లమెల్లఁగాఁ జదువసాగెను.