బాయిలరాయన పొయ్యి

అది రెండో వరద వచ్చిన ఏడు. మొదటి వరద గేటు దగ్గరే ఆగింది. రెండోది మూడు మెట్లెక్కి, కింది వాటాల్లో మంచం కోళ్లు తడిపి, వచ్చిన దారినే పోయింది. పోతూ పోతూ ఆరు వాటాల ఇంటి వాకిలినిండా వేలెడు మందాన ఒండ్రు పరిచిపోయింది.

వాకిలి మూలన బాయిలరాయన పొయ్యి ఉంది. ఆయన ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో బాయిలరు దగ్గర పనిచేశాడు. అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. రోజుకి పది మాటలు సరిపోయేవి ఆయనకి, పదకొండోది నోటిదాకా వస్తే మర్నాటికి దాచుకునేవాడు. పాత వేణ్ణీళ్ల డ్రమ్ముని నిలువునా కోసి, నాలుగు కాళ్లు అతికి, పైన ఇనప ఊచలు పరిచి, రెండో సగాన్ని మూతగా పెట్టి ఆ పొయ్యి చేశాడు. వానలు వెనకబట్టాక మొదటి పొడి ఆదివారం ఆరు వాటాలవాళ్లూ వాకిట్లో చేరి దాని మీద మాంసం, మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తినేవారు. పదిహేనేళ్ల అలవాటు అది.

కిందటేడు విందులో ఆ అలవాటుకి గండం వచ్చింది. పై వాటా దర్జీ మాంసం ముక్క కొరికి కెవ్వుమన్నాడు. నాలుకలో వైరు బ్రష్షు ముల్లు దిగింది. డాక్టరు పటకారుతో లాగాడు. నలభై ఏళ్లు నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడిన మనిషికి ఒక్కటీ గుచ్చుకోలేదు గానీ, తిండిలో ముల్లు గుచ్చుకుందని జనం నవ్వుకున్నారు. వాటాలవాళ్ల సంఘం మాత్రం నవ్వలేదు. సంఘానికి కార్యదర్శి బాయిలరాయన బామ్మర్ది. మీటింగు పెట్టి, ఎవరు తోమారు బావా అని అడిగాడు. బాయిలరాయన, పొయ్యి నాది, అన్నాడు. అంతకు మించి పెదవి విప్పలేదు. అదే ఒప్పుకోలు అనుకున్నారు. మూత మీద తాడు బిగించి, ఎవరూ ముట్టుకోవద్దని తీర్మానం రాశారు.

నిజానికి ఆయన జన్మలో ఊచలకి వైరు బ్రష్షు తగిలించలేదు. బ్రష్షు పళ్లు రాలుస్తుందని ఆయనకి తెలుసు. ఆయన దగ్గర మూరెడు చెక్క ఒకటుండేది. ఊచలు ఎర్రగా కాలినప్పుడు దాని అంచు పెట్టి గీకేవాడు. కాలే ఊచలే చెక్కలో తమ గాళ్లు తాము తవ్వుకున్నాయి. పదిహేనేళ్లకి ఆ అంచు దువ్వెనలా తయారై, ఈ పొయ్యికి తప్ప ఇంకో పొయ్యికి అమరకుండా పోయింది. ఆ విందు రోజున ఆయన బొగ్గులు తెచ్చేసరికి పొయ్యి అంటించి ఉంది, ఊచలు తళతళలాడుతున్నాయి, చెక్క లేదు. ఎవరు తోమారో అడగలేదు. అడగకపోవడం ఆయన జబ్బు.

ఇప్పుడు వరద చెత్త ఎత్తుకుపోవడానికి ఆదివారం పొద్దున పాత సామాన్ల బండి వస్తోంది. ఏమేం ఎక్కించాలో బామ్మర్ది గేటు పక్క పలక మీద సుద్దముక్కతో రాశాడు. తడిసిన పరుపులు, తలుపూడిన బీరువా, దాని కింద బాయిలరు పొయ్యి. కొత్త గ్యాసు పొయ్యి అట్టపెట్టెలో బామ్మర్ది వరండాలో కూర్చుని ఉంది.

శనివారం పొద్దున బాయిలరాయన కత్తి తెచ్చి మూత మీది తాడు కోశాడు.

బామ్మర్ది కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "రేపు బండెక్కేదానికి ఇవాళ స్నానమెందుకు బావా?"

"శవానికీ చేయిస్తారు. ఇదింకా బతికే ఉంది."

ఆ రోజుకి అయిదారు మాటలు ఖర్చయిపోయాయి. ఆయన చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించి పనిలోకి దిగాడు. లోపల బూడిద, ఒండ్రు కలిసి గట్టిపడి ఉన్నాయి. తడిసిన బూడిద ఇనుముకి చెదలాంటిది, ఊరికే వదిలితే డ్రమ్ము అడుగు జల్లెడైపోతుంది. పాత సత్తు పళ్లెంతో గీరి గీరి బక్కెట్లోకి ఎత్తాడు. మూడో బక్కెట్టులో ఏదో ఖంగుమంది. వేళ్లతో కెలికి తీశాడు. ఇనప ఉంగరం, దానికి వంకరపోయిన మేకు. ఆయన చెక్కని గోడకి తగిలించే ఉంగరం అది.

చెక్క పోలేదు. కాలింది. ఆ రోజు పొయ్యి అంటించింది ఆయన భార్య.

ఆయన ఉంగరాన్ని పిడికిట్లో బిగించాడు.

"ఏం దొరికింది బావా? ఇంకో ముల్లా?" అన్నాడు బామ్మర్ది. మేడ మీద బట్టలారేస్తున్న దర్జీని కేకేసి, చూడవయ్యా, ఇంకా వస్తూనే ఉన్నాయి, మా బావకి చెబితే చెవికెక్కదు అన్నాడు. దర్జీ గబగబా దిగొచ్చాడు. ఇంకో రెండు వాటాలవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. బాయిలరాయన పిడికిలి లాగు జేబులో పెట్టుకుని, మేకు, అన్నాడు. చెబితే పొయ్యి దక్కేది. ఇల్లాలు నలుగురిలో పలచనయ్యేది. ఆయన మళ్లీ పళ్లెం అందుకున్నాడు.

వంటింటి కిటికీ లోంచి ఆవిడ అంతా చూసింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"ఒరే, అది ముల్లూ కాదు, మేకూ కాదు. ఈయన చెక్కకుండే ఉంగరం. నల్లగా మాడి ఉంటే కట్టెపుల్ల అనుకుని నేనే పొయ్యిలో పెట్టాను. సగం కాలాక గాళ్లు కనబడి గుండె ఆగింది. ఈయన వచ్చేలోపు ఊచలు శుభ్రంగా ఉండాలని మీ ఇంటి స్టోరుగదిలో మేకుకి వేలాడే వైరు బ్రష్షు తెచ్చి తోమేశాను."

బామ్మర్ది గ్లాసు నోటి దగ్గరే ఆగింది. ఏడాదిపాటు ఎందుకు చెప్పలేదక్కా అని గొణిగాడు.

"తిట్టే మొగుడైతే ఆ పూటే చెప్పేసేదాన్ని. ఈయన తిట్టరుగా. ఊరుకుంటారు. ఆ ఊరుకోవడానికే భయపడ్డాను."

దర్జీ నవ్వు ఆపుకోలేకపోయాడు. అయితే నా నాలుకలో దిగింది కార్యదర్శిగారి బ్రష్షన్నమాట అన్నాడు. గుమ్మాల్లో వాళ్లూ నవ్వారు. బామ్మర్ది మొహం కందగడ్డ అయింది. ఎవరి బ్రష్షయినా తీర్మానం తీర్మానమే, పలక మీద రాసింది రాసిందే, రేపు బండి వస్తుంది, పొయ్యి ఎక్కుతుంది, అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

"రానీ," అన్నాడు బాయిలరాయన.

భార్య వంటింట్లోకి వెళ్లి తన కూరగాయల చెక్క తెచ్చింది. దాని మీద ఇరవై ఏళ్ల కత్తి గాట్లున్నాయి. ఇదిగో, నా చెక్క మీరు కాల్చండి, చెల్లుకి చెల్లు, అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కసారి ఆవిడ వంక చూశాడు. ఏడాది తర్వాత ఆ మొహంలో నవ్వులాంటిది మెదిలింది.

తర్వాత పని చకచకా సాగింది. డ్రమ్ముని మంచినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించాడు. మధ్యాహ్నానికి పొడి కట్టెలు పేర్చి పెద్ద మంట పెట్టాడు. పాత జిడ్డంతా పొగై లేచిపోయింది. ఊచలు ఎర్రబడగానే ఆ కూరగాయల చెక్క అంచు పెట్టి ఒత్తాడు. చుయ్యిమంటూ పొగ లేచింది, చెక్కలో మొదటి గాళ్లు పడ్డాయి. ముందుకీ వెనక్కీ నూరుసార్లు గీకాడు. ఊచలు చల్లారాక పాత రేడియో స్పీకరు అయస్కాంతం తెచ్చి సందు సందునా తిప్పాడు. రెండు వైరు ముళ్లు అంటుకున్నాయి. వాటిని దర్జీ అరచేతిలో పెట్టాడు. దర్జీ వాటిని మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండులో గుచ్చుకుని, ఇవి నా వాటా అన్నాడు. చివరికి సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి, ఊచ ఊచకీ రాశాడు. సాయంత్రం ఎండకి పొయ్యి కొత్త బూటులా నిగనిగలాడింది. పొయ్యి ఎంత శుభ్రమైనా పలక మీది రాత మాత్రం అలాగే ఉంది.

మర్నాడు ఆదివారం. బండి ఏడింటికి వస్తుందని అందరికీ తెలుసు. బాయిలరాయన ఆరింటికే లేచి, పొయ్యి నిండా బొగ్గులు పోసి, నిప్పంటించి విసరడం మొదలుపెట్టాడు. బండి గేట్లోకి వచ్చేసరికి బొగ్గులు కణకణలాడుతున్నాయి. ఊచల మీద డజను పొత్తులు చిటపటలాడుతున్నాయి. బండివాడు పలక చదివి, పొయ్యి దగ్గరికొచ్చి, సెగకి రెండడుగులు వెనక్కేశాడు. మండేదాన్ని నేనెలా ఎత్తుతానండీ అని కార్యదర్శిని అడిగాడు. వరండాలో నిలబడ్డ బామ్మర్ది అట్టపెట్టె మీది దుమ్ము దులపసాగాడు.

బాయిలరాయన పటకారు భార్య చేతికిచ్చాడు. తిన్నగా బామ్మర్ది వరండా ఎక్కి, స్టోరు తలుపు తీసి, మేకుకున్న వైరు బ్రష్షు తీసుకున్నాడు. దిగొచ్చి దాన్ని బండిలో తడిసిన పరుపుల మీద పడేశాడు. గేటు పక్క పలక మీద ఆఖరి వరసని తడి బొటనవేలితో తుడిచేశాడు. తిరిగొచ్చి, పటకారు అందుకుని, మాడబోతున్న పొత్తుని రెండో పక్కకి తిప్పాడు.